బిడ్డ రిపోర్టులో ఎల్‌డీహెచ్ ఎక్కువ అని వస్తే ఎట్లా చదవాలి

నేను తిరుపతిలో ఒక బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సొంతూరు పూతలపట్టు పక్కన. మెడలో బిళ్లలు కట్టి, జ్వరం తగ్గక, డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చే పిల్లలని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఆ చీటీలో సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసేది), యూరిక్ యాసిడ్‌తో పాటు ఎల్‌డీహెచ్ అని కూడా ఉంటుంది. సాయంత్రం రిపోర్టు చేతికొస్తుంది. అంకె నల్లగా, లావుగా అచ్చు వేసి ఉంటుంది. డాక్టరు మర్నాడుగానీ దొరకరు. ఫోన్‌లో వెతికితే మొదట కనబడేది క్యాన్సర్ అనే మాట. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్ర ఉండదు.

ఆ రాత్రి కోసమే ఇది రాస్తున్నాను. బిడ్డకి లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) అని ఇప్పటికే తేలినవాళ్లకి కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఆస్పత్రిలో రోజుల తరబడి ఇవే అంకెలు చూస్తూ ఉండాల్సి వస్తుంది. నేను డాక్టర్‌ని కాను, మందుల గురించి చెప్పను. ట్యూబులో రక్తం పడ్డప్పటి నుంచి కాగితం మీద అంకె వచ్చేదాకా ఏం జరుగుతుందో నాకు తెలుసు. అదే చెప్తాను.

ముందు అసలు ఎల్‌డీహెచ్ అంటే ఏమిటో చూద్దాం. లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ అది. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. గుండె, కాలేయం, కండరాలు, ఎర్ర రక్తకణాలు, లింఫ్ గ్రంథులు, అన్నిట్లోనూ. కణం చక్కెరని వాడుకునే దారిలో పైరువేట్‌ని లాక్టేట్‌గా, లాక్టేట్‌ని తిరిగి పైరువేట్‌గా మార్చడం దాని పని. కణం చితికినా, చచ్చినా లోపల ఉన్న ఎల్‌డీహెచ్ రక్తంలోకి వచ్చేస్తుంది. అందుకే ఎక్కడో కణాలు ఎక్కువగా పాడవుతున్నాయని మాత్రమే ఈ పరీక్ష చెప్పగలదు. ఎక్కడ, ఎందుకు అనేవి దానికి తెలియవు.

మరి లింఫోమాలో ఎందుకు పెరుగుతుంది? కొన్ని రకాల లింఫోమాలో కణాలు విపరీతమైన వేగంతో పుడతాయి, అంతే వేగంతో చస్తాయి. బర్కిట్ లింఫోమా అనే రకంలో గడ్డ ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. అలాంటి బిడ్డకి ఎల్‌డీహెచ్ మామూలు హద్దుకి ఎన్నో రెట్లు ఉండొచ్చు. హాడ్జ్‌కిన్ లింఫోమా అలా కాదు, అది ఎక్కువగా పెద్ద పిల్లల్లో నెమ్మదిగా వస్తుంది. అందులో ఎల్‌డీహెచ్ మామూలుగా ఉండటమూ ఉంది. అక్కడ డాక్టర్లు ఈఎస్‌ఆర్‌ని ఎక్కువ చూస్తారు. కాబట్టి 'ఎల్‌డీహెచ్ నార్మల్, లింఫోమా లేదు' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎక్కువ వచ్చింది కాబట్టి లింఫోమాయే అన్నా ఒప్పుకోవద్దు. లింఫోమా ఉందా లేదా తేల్చేది బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి చూసే పరీక్ష.

రిపోర్టు చేతికి రాగానే

అంకెని కాసేపు పక్కన పెట్టి, కాగితం అడుగున సన్న అక్షరాల్లో ఏమైనా రాసి ఉందేమో వెతకండి. 'శాంపిల్ హిమోలైజ్డ్' అని ఉంటే ఆ ఎల్‌డీహెచ్‌ని నమ్మడానికి లేదు. రక్తం తీసేటప్పుడో, ట్యూబులో పోసేటప్పుడో ఎర్రకణాలు పగిలాయని దాని అర్థం. ఎర్రకణం లోపల ఎల్‌డీహెచ్ సీరమ్‌లో (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరులాంటి భాగంలో) ఉండేదానికి వంద రెట్లకు పైగా ఉంటుంది. కొద్దిపాటి కణాలు పగిలినా అంకె ఎగిరిపోతుంది. దాంతోపాటు పొటాషియం, ఎస్‌జీఓటీ (కాలేయం, కండరాల్లో ఉండే ఇంకో ఎంజైమ్) కూడా దొంగగా పెరుగుతాయి. ఈ మూడూ కలిసి పెరిగి మిగతావన్నీ మామూలుగా ఉంటే మాకు మొదట వచ్చే అనుమానం సూది మీదే.

పిల్లల దగ్గర ఇది ఎక్కువగా జరుగుతుంది. నరం సన్నగా ఉంటుంది, సూదీ సన్నదే, బిడ్డ ఏడుస్తూ చెయ్యి లాగేస్తుంటుంది, తీసేవాళ్లు సిరంజిని గట్టిగా లాగుతారు. ఆ లాగుడుకే కణాలు పగులుతాయి. సిరంజిలోని రక్తాన్ని సూది తీయకుండా ట్యూబులోకి బలంగా నొక్కినా పగులుతాయి. ట్యూబుని గట్టిగా ఊపినా అంతే. ఇందులో తల్లిదండ్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎల్‌డీహెచ్‌కి పరగడుపున రావాల్సిన పని లేదు. చీటీలో వేరే ఏ పరీక్షకైనా ఉపవాసం అని రాసి ఉంటే తప్ప బిడ్డకి తినిపించి, నీళ్లు బాగా తాగించి తీసుకురండి. నరం నిండుగా కనబడుతుంది. చలికాలం పొద్దున్నే వస్తే చేతులని మీ అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబెట్టండి. ఎండలో పరుగెత్తి ఆడించి నేరుగా తేవద్దు, ఒక పావుగంట ఒళ్లో కూర్చోబెట్టుకోండి. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉంటుంది, తీయడానికి గంట ముందు రాయాలి, కావాలంటే డాక్టర్ని అడగండి. రక్తం తీసే అమ్మాయిని 'పిల్లలకి తీయడం బాగా అలవాటైనవాళ్లు ఉన్నారా అమ్మా?' అని అడగడానికి మొహమాటపడొద్దు. మేమెవరమూ ఏమీ అనుకోము. ఒకసారి సరిగ్గా తీయడం రెండుసార్లు గుచ్చడం కంటే మాకూ నయమే.

ఇంకో సంగతి దూరానికి సంబంధించింది. పలమనేరులోనో, పీలేరులోనో కలెక్షన్ సెంటర్లో రక్తం తీసి, ట్యూబులని బస్సులోనో బైకు మీదో సిటీకి పంపిస్తారు. రక్తం గడ్డకట్టాక సీరమ్‌ని వెంటనే వేరు చేయకపోతే, గంటలు గడిచేకొద్దీ ఎర్రకణాల్లోంచి ఎల్‌డీహెచ్ సీరమ్‌లోకి కారుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి ట్యూబు పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. ఐస్ పెట్టెలో పెట్టి పంపితే సరిపోతుంది కదా అంటారు. చాలా పరీక్షలకి చల్లదనం మంచిదే. ఎల్‌డీహెచ్‌కి మాత్రం కాదు. దీంట్లో 5 ఉపరకాలు ఉన్నాయి. నాలుగోది, అయిదోది చలికి దెబ్బతింటాయి, ఫ్రిజ్‌లో పెడితే వాటి చురుకు తగ్గిపోతుంది. అంటే ఎండలో ఆలస్యమైతే అంకె దొంగగా పెరగొచ్చు, సీరమ్‌ని ఎక్కువసేపు ఫ్రిజ్‌లో పెడితే దొంగగా తగ్గొచ్చు. అందుకే ఎల్‌డీహెచ్ రాసి ఉంటే, వీలున్నవాళ్లు సెంట్రిఫ్యూజ్ (ట్యూబుని తిప్పి సీరమ్‌ని వేరు చేసేది), కొలిచే మిషను రెండూ ఒకే చోట ఉన్న ల్యాబ్‌కి బిడ్డనే తీసుకెళ్లమని చెప్తాను. వీలు కాకపోతే కలెక్షన్ సెంటర్లో 'సీరమ్ ఇక్కడే వేరు చేస్తారా, ట్యూబు అలాగే పంపుతారా?' అని ఒక్క మాట అడగండి. సమాధానం బట్టి మీకే తెలిసిపోతుంది.

అంకెని అంకెతో కాదు, హద్దుతో పోల్చండి

నా కిటికీ దగ్గర ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. మన జిల్లా వాళ్లు తిరుపతిలో ఒకచోట, చిత్తూరులో ఒకచోట, తర్వాత వేలూరులో ఒకచోట చూపించుకుంటారు. మూడు చోట్లా మూడు రిపోర్టులు. మూడిట్లో మూడు అంకెలు.

ఎల్‌డీహెచ్‌ని కొలవడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. లాక్టేట్ నుంచి పైరువేట్ వైపు జరిగే చర్యని కొలవడం ఒకటి. దీన్ని ఐఎఫ్‌సీసీ పద్ధతి అంటాం, పెద్దవాళ్లకి పై హద్దు సుమారు 250 యూనిట్ల దగ్గర ఉంటుంది. రెండోది తిరగేసి, పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు కొలవడం. ఇందులో చర్య వేగంగా జరుగుతుంది, అంకె దాదాపు రెట్టింపు వస్తుంది. దాని పై హద్దు 450, 480 దాకా ఉంటుంది. రెండూ సరైన పద్ధతులే. కాకపోతే ఒకదాని అంకె పక్కన రెండోదాని అంకె పెట్టి పోల్చకూడదు.

ఒక లెక్క చూడండి. ఒక ల్యాబ్‌లో 690 వచ్చింది, ఆ కాగితం మీద పై హద్దు 460 అనుకుందాం. వారం తర్వాత ఇంకో ల్యాబ్‌లో 375 వచ్చింది, అక్కడ పై హద్దు 250. చూడటానికి సగానికి పడిపోయినట్టు ఉంది. భాగించి చూడండి. 690ని 460తో భాగిస్తే ఒకటిన్నర. 375ని 250తో భాగించినా ఒకటిన్నరే. ఏమీ మారలేదు. కాబట్టి ప్రతి రిపోర్టులో అంకెని దాని పక్కనున్న పై హద్దుతో భాగించి, ఎన్ని రెట్లో పెన్నుతో రాసి పెట్టుకోండి. డాక్టర్లు కూడా చాలావరకు రెట్లలోనే మాట్లాడుకుంటారు.

వయసు కూడా చూడాలి. పుట్టిన బిడ్డకి ఎల్‌డీహెచ్ పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ ఉండటం మామూలే. ఏడాది దాటేసరికి తగ్గుతుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతూ పెద్ద పిల్లలయ్యేసరికి పెద్దవాళ్ల హద్దుకి చేరుతుంది. కొన్ని ల్యాబులు ఎవరికైనా పెద్దవాళ్ల హద్దే అచ్చు వేస్తాయి. రెండేళ్ల బిడ్డకి 290 వచ్చి, పై హద్దు 250 అని ఉంటే పక్కన 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అని పడుతుంది. ఆ బిడ్డ వయసుకి అది మామూలు అంకె కావొచ్చు. 'ఇది పిల్లల రేంజేనా?' అని ల్యాబ్‌లో అడగండి. అడిగే హక్కు మీకుంది, చెప్పాల్సిన బాధ్యత మాకుంది.

ఎస్‌జీఓటీ, ఏఎల్‌పీ కూడా కాగితం మీద ఉంటాయి కాబట్టి వాటి మాట త్వరగా చెప్పేస్తాను. ఏఎల్‌పీ అనే ఎంజైమ్ ఎముకల్లోంచి కూడా వస్తుంది, పెరిగే పిల్లలకి పెద్దవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఉండటం సహజం. అయిదేళ్ల లోపు పిల్లల్లో మామూలు వైరల్ జ్వరం తర్వాత ఏఎల్‌పీ వేలల్లోకి పోయి, కొన్ని నెలల్లో దానంతట అదే దిగిపోవడం కూడా ఉంది. ఏఎల్‌పీ ఒక్కటే చూసి భయపడకండి.

ఎల్‌డీహెచ్ పెంచే వేరే కారణాలు

డెంగీ, మలేరియా, న్యుమోనియా, కామెర్లు, ఫిట్స్ వచ్చిన తర్వాత, కండరాలకి దెబ్బ తగిలినప్పుడు, ఇలా ఎన్నిటిలోనో పెరుగుతుంది. తలసీమియా లాంటి ఎర్రకణాలు విరిగే జబ్బుల్లో పెరుగుతుంది. బీ12 బాగా తక్కువైతే ఎల్‌డీహెచ్ వేలల్లో కూడా వస్తుంది, చూసినవాళ్లకి రక్త క్యాన్సరేమో అనిపించేంత. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గత నెల రోజుల్లో వచ్చిన జ్వరాలు, వేసిన మందులు, ఎక్కించిన రక్తం, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నాటు మందు ఏదైనా పోయించి ఉంటే అదీ రాయండి. పసరు మందు సంగతి డాక్టరుకి చెప్తే తిడతారని దాచేవాళ్లున్నారు. దాచితే బిడ్డకే నష్టం.

పిల్లల మెడలో కట్టే బిళ్లల్లో ఎక్కువ భాగం గొంతు నొప్పి, పంటి చీము, తలలో పుండ్లు, పేలు, ఇలాంటివాటి వల్లే. అవి చాలావరకు నొప్పిగా ఉంటాయి, కొన్ని వారాల్లో తగ్గుతాయి.

కొన్ని గుర్తులు ఉంటే మాత్రం ఎల్‌డీహెచ్ ఎంత వచ్చిందని చూడకుండానే పెద్దాస్పత్రికి పోవాలి. మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక పైన, భుజం లోపలివైపు గుంటలో గడ్డ. నొప్పి లేకుండా గట్టిగా పెరుగుతున్న గడ్డ, 2 సెంటీమీటర్లు దాటింది, నెల దాటినా తగ్గలేదు. రాత్రి పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం. కడుపు రోజురోజుకీ ఉబ్బడం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, పొద్దున లేచేసరికి ముఖం, మెడ ఉబ్బి ఉండటం. ఈ చివరిది ఛాతీ లోపల గడ్డ ఊపిరి గొట్టాన్ని, పెద్ద సిరని నొక్కుతున్నప్పుడు వస్తుంది. తెల్లారేదాకా ఆగొద్దు. అదే రాత్రి బయల్దేరాలి. దారిలో బిడ్డని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకెళ్లండి.

ఇంకో రెండు మాటలు, నేను గట్టిగా నమ్మేవి. మొదటిది స్టెరాయిడ్ గురించి. జ్వరం తగ్గలేదనో, ఆయాసమనో, గడ్డ కరగాలనో బయాప్సీకి ముందే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటివి ఇప్పిస్తే లింఫోమా గడ్డ కొన్నాళ్లు నిజంగానే కరుగుతుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. తర్వాత బయాప్సీ తీస్తే జబ్బు సరిగ్గా కనబడదు, అది ఏ రకమో తేలక చికిత్స ఆలస్యమవుతుంది. గడ్డ ఏమిటో తేలనంతవరకు, చీటీలో స్టెరాయిడ్ ఉందా అని మెడికల్ షాపులో అడిగి చూసుకోండి. ఉంటే రాసిన డాక్టరుతో మాట్లాడి అది తప్పనిసరేనా అని అడగండి. బిడ్డ ఆయాసంతో ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఎన్ని రోజులు, ఎంత డోసు అని క్యాన్సర్ డాక్టరుకి మొదటే చెప్పాలి.

రెండోది ఏడీఏ గురించి. ఇదీ ఎంజైమే, అడినోసిన్ డిఅమినేస్. ఛాతీలో నీరు చేరితే ఆ నీటిలో చూస్తారు. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి, నీటిలో ఏడీఏ 40 దాటితే టీబీ అనే వైపు ఆలోచిస్తారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. కాని లింఫోమా వల్ల చేరిన నీటిలో కూడా ఏడీఏ బాగా పెరుగుతుంది, కొన్నిసార్లు టీబీ కంటే ఎక్కువగా. పిల్లల్లో టీ కణాల లింఫోబ్లాస్టిక్ లింఫోమా అనే రకం ఛాతీలో గడ్డతో, నీటితో వస్తుంది. అందుకని ఏడీఏ చూసి టీబీ మందులు మొదలుపెడుతున్నారంటే, 'నీటిలో కణాలని కూడా చూశారా సార్? సైటాలజీకి పంపారా? ఎక్స్‌రేలో మధ్యలో గడ్డ ఏమైనా ఉందా?' అని వినయంగా అడగండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు. నీటిలో ఎల్‌డీహెచ్ కూడా కొలుస్తారు. అది రక్తంలో ఎల్‌డీహెచ్‌తో పోల్చి, నీరు ఏ రకమో తెలుసుకోవడానికి. ఆ రెండు అంకెలని కలగాపులగం చేసుకోవద్దు. రిపోర్టు పైన 'ప్లూరల్ ఫ్లూయిడ్' (ఛాతీలోని నీరు) అని ఉందా, 'సీరమ్' అని ఉందా చూడండి.

లింఫోమా అని తేలాక

చిత్తూరు వైపు వాళ్లు దగ్గర కదా అని వేలూరు సీఎంసీకి పోతారు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ కట్టించిన క్యాన్సర్ ఆస్పత్రి 2022లో తెరిచారు. ఎక్కడికి పోయినా మొదటి రోజు మళ్లీ రక్తం తీస్తారు. 'నిన్ననే తీశారు కదా, మళ్లీ ఎందుకు?' అని విసుక్కోవద్దు. పైన చెప్పిన పద్ధతుల తేడా వల్లే, చికిత్స చేసేవాళ్లు తమ సొంత మిషను అంకె మీద లెక్క మొదలుపెట్టుకోవాలి.

ఆ లెక్క చిన్నది కాదు. నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాలో (హాడ్జ్‌కిన్ కాని మిగతా రకాల్లో) ఏ స్టేజి అనేది గడ్డ ఎక్కడెక్కడ ఉందన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు, ఎల్‌డీహెచ్ అందులో లేదు. కాని బర్కిట్ లాంటి బీ కణాల రకాల్లో కీమో ఎంత బలంగా ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు ఎల్‌డీహెచ్ చూస్తారు. ఫ్రాన్స్ వాళ్ల పద్ధతిలో మూడో స్టేజి బిడ్డకి ఎల్‌డీహెచ్ పై హద్దుకి రెండు రెట్లు దాటిందా అని చూస్తారు. జర్మనీ వాళ్ల బీఎఫ్‌ఎం పద్ధతిలో 500, 1000 అని గీతలు ఉన్నాయి. 2020లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో, రెండు రెట్లు దాటిన మూడో స్టేజి పిల్లలనీ, నాలుగో స్టేజి పిల్లలనీ తీసుకుని, కొందరికి కీమోకి రిటుక్సిమాబ్ అనే మందు కలిపారు. మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా, వేరే కీడు జరగకుండా ఉన్నవాళ్లు 82 శాతం నుంచి 94 శాతానికి పెరిగారు. ఈ ఒక్క అంకె చూసినా నాకు ధైర్యం వస్తుంది. వాళ్లలో మూడో స్టేజి పిల్లలందరికీ ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువ ఉంది. ఎక్కువ ఉందంటే జబ్బు భారం ఎక్కువ ఉందని, బలమైన చికిత్స కావాలని అర్థం. ఆశ లేదని అర్థం కాదు.

కీమో మొదలైన మొదటి వారం గురించి ముందే తెలుసుకుని ఉండండి. మందు పడగానే గడ్డలోని కణాలు ఒక్కసారిగా పగులుతాయి. వాటిలోని సరుకంతా రక్తంలో పడుతుంది. యూరిక్ యాసిడ్, పొటాషియం, ఫాస్ఫేట్ పెరుగుతాయి, కాల్షియం పడిపోతుంది, కిడ్నీ మీద భారం పడుతుంది. ట్యూమర్ లైసిస్ అంటారు. మొదట్లోనే ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువ ఉన్న పిల్లలకి ఈ ప్రమాదం ఎక్కువ, డాక్టర్లు ముందే సెలైన్, మందులు మొదలుపెడతారు. ఆ రోజుల్లో ఎల్‌డీహెచ్ ఇంకా పెరగొచ్చు, తర్వాత దిగుతుంది. పెరిగిందని మందు పనిచేయలేదనుకోకండి.

అప్పుడు 6 గంటలకి, 8 గంటలకి ఒకసారి రక్తం తీస్తారు. 'బిడ్డ ఒంట్లో రక్తమంతా మీ ట్యూబులకే సరిపోతుంది' అని ఒక అవ్వ నాతో అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. లెక్క చెప్పాను. పిల్లలకి కిలోకి సుమారు 75 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 15 కిలోల బిడ్డకి లీటరు పైనే. ఒకసారి తీసేది రెండు మూడు మిల్లీలీటర్లు. పిల్లల చిన్న ట్యూబులు వాడమని, పరీక్షలన్నీ ఒకే గుచ్చులో అయ్యేలా కలపమని మీరు నర్సమ్మని అడగొచ్చు. పోర్టు లేదా పిక్ లైను (పెద్ద సిరలో నెలల తరబడి ఉంచే సన్నని గొట్టం) ఉంటే ప్రతిసారీ నరం వెతికి గుచ్చే పని ఉండదు. అయితే లైనులోంచి గట్టిగా లాగినా కణాలు పగులుతాయి. అప్పుడు పొటాషియం దొంగగా ఎక్కువ కనబడుతుంది. ట్యూమర్ లైసిస్ రోజుల్లో అది అందరినీ పరుగులు పెట్టిస్తుంది, కాబట్టి అనుమానం వస్తే వెంటనే రెండో శాంపిల్ తీస్తారు. ఆ రెండో గుచ్చుకి అడ్డు చెప్పొద్దు.

ఆ వారంలో చుట్టాలు కొబ్బరిబోండాలు, బత్తాయి రసం తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. వాటిల్లో పొటాషియం ఎక్కువ. డాక్టరు సరే అనేదాకా బిడ్డకి పట్టొద్దు.

యూరిక్ యాసిడ్ తగ్గించడానికి రాస్‌బురికేస్ అనే ఇంజెక్షను ఇస్తే రెండు జాగ్రత్తలు. ఆ మందు తనే ఒక ఎంజైమ్. జీ6పీడీ (ఎర్రకణాలని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న బిడ్డకి ఇస్తే ఎర్రకణాలు విరిగిపోతాయి, అందుకే ముందు జీ6పీడీ పరీక్ష రాస్తారు. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని తెలిస్తే డాక్టరు అడగకముందే చెప్పేయండి. రెండోది, ఇంజెక్షను ఇచ్చాక తీసిన రక్తంలో ఆ మందు ట్యూబు లోపల కూడా యూరిక్ యాసిడ్‌ని తింటూనే ఉంటుంది. ఆ ట్యూబు ఐస్‌లో ల్యాబ్‌కి రావాలి. ట్యూబు మీ చేతికిచ్చి పంపితే ఐస్ ఉందా లేదా చూసుకుని, నడుమ ఎక్కడా ఆగకుండా తెచ్చివ్వండి.

తర్వాతి నెలల్లో ఎంజైమ్‌లు రకరకాలుగా ఆడతాయి. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు తర్వాత ఎస్‌జీపీటీ అనే కాలేయపు ఎంజైమ్ పెరుగుతుంది, చాలావరకు మళ్లీ దిగుతుంది. ఆ రోజుల్లో నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు సొంతంగా వేయొద్దు, కొన్ని ఆ మందుని ఒంట్లోంచి త్వరగా పోనివ్వవు. యాస్పరాజినేస్ అనే మందు ఇచ్చే లింఫోమా రకంలో కడుపులో గట్టి నొప్పి, వాంతులు వస్తే అమైలేజ్, లైపేజ్ చూస్తారు, క్లోమం వాచిందేమోనని. తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ల తర్వాత ఎల్‌డీహెచ్, ఏఎల్‌పీ రెండూ పెరగడం మామూలే. రిపోర్టు పక్కన ఆ వారం ఏ మందు పడిందో తేదీతో రాసుకునే అలవాటు ఉంటే ఇలాంటప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఫైలు సంగతి. ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి కొని, రిపోర్టులు తేదీ వరుసలో పెట్టండి. ముందు పేజీలో గీతలు కొట్టిన కాగితం మీద తేదీ, ల్యాబ్, ఎల్‌డీహెచ్ అంకె, పై హద్దు, ఎన్ని రెట్లు, ఆ రోజు జ్వరం ఉందా, ఏ మందు నడుస్తోంది, ఇవి రాస్తూ పోండి. బయాప్సీ రిపోర్టు కాపీలు, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు వెనక కవర్లో. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాని కౌంటర్లో ఇవే అడుగుతారు. బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు వేరే ఊరికి తీసుకెళ్లాల్సి వస్తే లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. బ్లాకు అంటే గడ్డ ముక్కని పొదిగిన మైనం, ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

చికిత్స అయిపోయిన పిల్లల తల్లిదండ్రులు కొందరు నెలనెలా సొంతంగా ఎల్‌డీహెచ్ చేయించడానికి వస్తారు. కొన్ని వందల రూపాయలే కదా, మనశ్శాంతి అంటారు. ఆ భయం నిజమైనదే. కాని జలుబు చేసినా ఆ అంకె కదులుతుంది, మళ్లీ రాత్రంతా నిద్ర లేకుండా పోతుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు అది ఒక్కటే ముందుగా చెప్తుందన్న భరోసా కూడా లేదు. డాక్టరు రాసిన తేదీలకే చేయించండి, చేయించిన ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. అన్నకి వచ్చింది కదా అని తమ్ముడికి, చెల్లికి ఈ పరీక్ష చేయించే పని లేదు. మెడలోనో, చంకలోనో కొత్త గడ్డ తగిలినా, దగ్గు తగ్గకుండా ఆయాసం మొదలైనా, కడుపు ఉబ్బినా, తారీఖు వచ్చేదాకా ఉండకుండా ఫైలు తీసుకుని అదే రోజు చూపించుకోండి. రక్తపరీక్ష అక్కడే తీస్తారు.